ఇద్దరు పిల్లల్లో ఒకడు అబ్బాయి: జవాబు సగమా, మూడో వంతా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నెల్లూరులో పోటీ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు ఈ లెక్క ఇచ్చారు: "ఒకాయనకు ఇద్దరు పిల్లలు. ఒకడు అబ్బాయి. ఇద్దరూ అబ్బాయిలే అయ్యే సంభావ్యత ఎంత?" గైడులో 1/3 అని ఉంది. తరగతిలో ఎక్కువమంది 1/2 అన్నారు. ఒకరిద్దరు సున్నా అన్నారు. ఎవరిది తప్పు, ఫార్ములాలన్నీ నోటికొచ్చిన పిల్లలు ఇలాంటి చోట ఎందుకు తడబడతారు అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ముగ్గురి లెక్కా సరిగ్గానే ఉంది. ఆ వాక్యాన్ని మూడు రకాలుగా విని, మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఇలాంటి లెక్కల్లో గుణకారాలు, భాగహారాలు తప్పిపోవడం అరుదు. విషయం మనకు ఏ దారిలో తెలిసిందో వాక్యం చెప్పదు, ఆ ఖాళీని ఎవరికి వారు తమకు అలవాటైన అర్థంతో పూరించుకుంటారు. తేడా అంతా అక్కడే వస్తుంది.

సున్నా అన్నవాళ్లను తేలిగ్గా కొట్టిపారేయకండి. ఒంగోలు బస్టాండులో పక్కన కూర్చున్నాయన "మాకు ఇద్దరు పిల్లలండీ, ఒకడు అబ్బాయి" అంటే మనం వెంటనే "రెండోది ఆడపిల్లా?" అంటాం. ఇద్దరూ మగపిల్లలైతే ఆయన "ఇద్దరూ మగపిల్లలే" అని ఉండేవాడు గదా. చెప్పగలిగీ చెప్పలేదంటే అది లేదన్నమాట, మామూలు మాటల్లో మనందరం ఇదే లెక్కన నడుస్తాం. పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1975లో అచ్చయిన వ్యాసంలో దీన్ని సూత్రాలుగా పెట్టాడు: మాట్లాడేవాడు అవసరమైనంత సమాచారం ఇస్తాడనే నమ్మకంతోనే వినేవాడు అర్థం చేసుకుంటాడు. లెక్కల పుస్తకంలో ఆ నమ్మకం చెల్లదు. అక్కడ "ఒకడు" అంటే "కనీసం ఒకడు". ఆ "కనీసం" అనే మాట రాయకపోవడం ప్రశ్న రాసినవాళ్ల లోపం, వినేవాళ్లది కాదు.

ఇక 1/2, 1/3 సంగతి. భిన్నాలు వదిలేసి ఇళ్లు లెక్కపెడదాం. ఇద్దరేసి పిల్లలున్న 400 ఇళ్లు అనుకోండి. పెద్ద సంతానం, చిన్న సంతానం అనే వరుసలో చూస్తే అబ్బాయి-అబ్బాయి 100 ఇళ్లు, అబ్బాయి-అమ్మాయి 100, అమ్మాయి-అబ్బాయి 100, అమ్మాయి-అమ్మాయి 100. (పుట్టుకలో అబ్బాయిల సంఖ్య నిజానికి కొద్దిగా ఎక్కువే ఉంటుంది. ఈ లెక్కకు సగం సగం అనుకుంటాం, ఆ మాట కూడా ప్రశ్నలో రాయాలి.)

మొదటి దారి. ప్రతి ఇంటికీ వెళ్లి "మీకు కనీసం ఒక అబ్బాయి ఉన్నాడా?" అని అడిగారు. 300 ఇళ్ల వాళ్లు అవునన్నారు. వాటిలో ఇద్దరూ అబ్బాయిలే ఉన్న ఇళ్లు 100. జవాబు 1/3.

రెండో దారి. ఏదో ఒక ఇంటి తలుపు తట్టారు. ఇద్దరిలో ఎవరో ఒకరు వచ్చి తీశారు, ఎవరు తీసేందుకైనా సమాన అవకాశం ఉంది. తీసింది అబ్బాయి. ఇద్దరూ అబ్బాయిలున్న 100 ఇళ్లలోనూ అబ్బాయే తీస్తాడు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉన్న 200 ఇళ్లలో సగం చోట్ల, అంటే 100 చోట్ల మాత్రమే అబ్బాయి తీస్తాడు. మొత్తం 200లో 100. జవాబు 1/2.

రెండు సందర్భాల్లోనూ మీరు బయటికి వచ్చి స్నేహితుడితో చెప్పే వాక్యం ఒకటే: "వాళ్లకు ఇద్దరు పిల్లలు, ఒకడు అబ్బాయి." వాక్యం మారలేదు, జవాబు మాత్రం మారింది.

దీన్ని ఇంకాస్త బిగించి చూడొచ్చు. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ ఉన్న తండ్రి ఒకరి గురించే చెప్పాల్సి వస్తే అబ్బాయి గురించి చెప్పే అవకాశం "ప" అనుకోండి. అప్పుడు "ఒకడు అబ్బాయి" అని చెప్పినవాళ్లలో ఇద్దరూ అబ్బాయిలే ఉన్నవాళ్ల వాటా 100/(100 + 200ప), అంటే 1/(1 + 2ప). అబ్బాయి ఉంటే చాలు వాడి గురించే చెప్పే మనిషైతే ప = 1, జవాబు 1/3. నాణెం వేసి చెప్పినట్టు ఎవరి గురించైనా చెప్పే మనిషైతే ప = 1/2, జవాబు 1/2. అమ్మాయి ఉంటే తప్పకుండా అమ్మాయి గురించే చెప్పే మనిషైతే ప = 0, జవాబు 1. ఆయన "అబ్బాయి" అన్నాడంటే ఆ ఇంట్లో అమ్మాయే లేదు. అందుకే "ఆయన ఏం చెప్పాడు?" అన్నదానితో పాటు "వేరే పరిస్థితిలో ఏం చెప్పి ఉండేవాడు?" అని కూడా అడగాలి. పిల్లలకు సంభావ్యతలో నేర్పాల్సినవాటిలో నా దృష్టిలో దీనికంటే విలువైన ప్రశ్న లేదు.

ఈ లెక్కను 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో గణిత పజిళ్ల రచయిత మార్టిన్ గార్డ్నర్ ఇచ్చాడు. తర్వాత ఆయనే ఆ ప్రశ్న రెండర్థాలు వచ్చేలా ఉందని ఒప్పుకున్నాడు. మన గైడుల్లోకి మాత్రం జవాబు ఒక్కటే వచ్చింది, ఆ సవరణ రాలేదు. "ఒకడు మంగళవారం పుట్టిన అబ్బాయి" అనే కొత్త రూపంలో జవాబు 13/27 అని ఉంటే కంగారు పడకండి. పుట్టిన వారంతో కలిపి ఒక్కొక్కరికి 14 రకాలు, ఇద్దరికీ 196 జతలు. కనీసం ఒక మంగళవారపు అబ్బాయి ఉన్న జతలు 27, వాటిలో ఇద్దరూ అబ్బాయిలే అయినవి 13. అదీ మొదటి దారికే. ఇద్దరిలో ఒకరిని నాణెం వేసి ఎంచుకుని వాళ్ల వివరం చెప్పిన మనిషి దగ్గర మళ్లీ 1/2 వస్తుంది.

తరగతిలో దీన్ని చేసి చూపించాలంటే రూపాయి బిళ్ల, రెండు రూపాయల బిళ్ల చాలు. బొమ్మ అబ్బాయి, బొరుసు అమ్మాయి. రెండూ కలిపి ఎగరేయాలి. మొదటి వరుసలో రెండూ బొరుసు పడిన ఎగరవేతలు కొట్టేసి, మిగిలినవాటిలో రెండూ బొమ్మ పడినవి ఎన్నో రాయాలి. రెండో వరుసకు మూడో నాణెం కావాలి: అది బొమ్మ పడితే రూపాయి బిళ్లను చూడాలి, బొరుసు పడితే రెండు రూపాయల బిళ్లను. చూసిన బిళ్ల బొరుసైతే ఆ ఎగరవేత కొట్టేయాలి, బొమ్మైతే రెండోది కూడా బొమ్మేనా అని రాసుకోవాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. 40 ఎగరవేతలతో ఆపేస్తారు. మొదటి వరుసలో అప్పుడు సుమారు 30 మిగులుతాయి, 10కి బదులు 13, 14 రావడం మామూలే, దాంతో 1/3కీ 1/2కీ తేడా కనపడక పిల్లలు మళ్లీ మొదటి వాదానికే వెళ్తారు. నలభై మంది పిల్లలు తలా పదిసార్లు వేసి అన్నీ ఒకే పట్టికలో కలపండి. 400 ఎగరవేతల్లో 300 దాకా మిగులుతాయి, వాటా దాదాపు ఎప్పుడూ 28 నుంచి 39 శాతం మధ్యే పడుతుంది. రెండో వరుసది 50 దగ్గర ఉంటుంది. అంత తేడా బల్ల మీద కళ్లకు కనపడ్డాక వాదన అవసరం రాదు.

తిరునాళ్లలో మూడు గిన్నెలు బోర్లించి ఒకదాని కింద ఉంగరం పెట్టే ఆట కూడా ఇదే జబ్బుతో బాధపడుతుంది. మీరు ఒక గిన్నె చూపించారు. ఆటవాడు మిగిలిన రెండింట్లో ఒకటి ఎత్తాడు, కింద ఏమీ లేదు. ఇప్పుడు గిన్నె మార్చుకుంటే లాభమా? 300 ఆటలు అనుకోండి. మొదటే సరైన గిన్నె పట్టుకున్నవి 100, తప్పు పట్టుకున్నవి 200. ఆటవాడికి ఉంగరం ఎక్కడుందో తెలుసు, ప్రతిసారీ ఖాళీ గిన్నే ఎత్తుతాడు అంటే, మారిస్తే 200 ఆటలు గెలుస్తారు, జవాబు 2/3. వాడికీ తెలియదు, ఏదో ఒకటి ఎత్తాడు, అది ఖాళీగా తేలింది అంటే, మీరు తప్పు పట్టుకున్న 200లో 100 సార్లు ఉంగరమే బయటపడి ఆట చెడిపోతుంది. ఖాళీ గిన్నె కనపడిన ఆటలు 200, వాటిలో మారిస్తే గెలిచేవి 100. జవాబు 1/2. మీరు సరైనది పట్టుకున్నప్పుడే మిమ్మల్ని తప్పుదోవ పట్టించేందుకు గిన్నె ఎత్తే మోసగాడైతే, మారిస్తే ఎప్పుడూ ఓటమే. "ఎత్తాడు, ఖాళీగా ఉంది" అనే మాటలు ఈ మూడింటికీ సరిపోతాయి. అమెరికాలో 1990లో పరేడ్ పత్రికలో శీర్షిక రాసే మెరిలిన్ వాస్ సావంత్ మూడు తలుపుల రూపంలో (ఒకదాని వెనక కారు, మిగతా రెండింటి వెనక మేకలు) దీనికి 2/3 అని జవాబిస్తే సుమారు పదివేల ఉత్తరాలు వచ్చాయి, వాటిలో వెయ్యి దాకా డాక్టరేట్లు ఉన్నవాళ్లవి, ఎక్కువ భాగం ఆమెదే తప్పంటూ. యాంకర్‌కు తెలుసు, ఎప్పుడూ మేకనే చూపిస్తాడు అన్న నియమం ప్రకారం ఆమె లెక్క నూటికి నూరుపాళ్లు సరైనదే.

తర్కం ప్రశ్నలకు వద్దాం. ఇక్కడ తెలుగు మనకు మంచి పనిముట్టు ఇచ్చింది, దాన్ని మనమే సరిగా వాడటం లేదు. అది "తే"కీ "తేనే"కీ ఉన్న తేడా.

కావలిలో ఒక కాలేజీ నోటీసు బోర్డు అనుకోండి. "హాజరు 75 శాతం ఉంటే హాల్‌టికెట్ ఇస్తాం." 80 శాతం ఉన్న విద్యార్థికి ఫీజు బాకీ ఉందని ఇవ్వకపోతే కాలేజీ మాట తప్పినట్టే. 60 శాతం ఉన్నవాడి గురించి ఆ వాక్యం ఏమీ చెప్పలేదు, దయ తలచి ఇచ్చినా మాట తప్పినట్టు కాదు. ఇప్పుడు "హాజరు 75 శాతం ఉంటేనే హాల్‌టికెట్ ఇస్తాం" అని రాశారనుకోండి. పరిస్థితి తలకిందులైంది. 60 శాతం వాడికి ఇస్తే మాట తప్పినట్టు. 80 శాతం ఉన్నవాడికి ఫీజు సాకుతో ఆపినా వాక్యం అబద్ధం కాదు, ఎందుకంటే అది హాజరు తప్పనిసరి అంది గానీ హాజరు ఒక్కటే చాలు అనలేదు. తర్కంలో మొదటిదాన్ని చాలినంత షరతు అంటారు, రెండోదాన్ని తప్పనిసరి షరతు. రెండూ కావాలంటే రెండు వాక్యాలూ రాయాలి.

ఇంట్లో మాత్రం "తే" అన్నా "తేనే" అన్నట్టే వింటాం. "ఫస్ట్ క్లాస్ వస్తే సైకిల్ కొనిస్తా" అని నాన్న అంటే, రాకపోతే సైకిల్ లేదని పిల్లవాడికి చెప్పకుండానే అర్థమవుతుంది. లేదంటే ఆ షరతు పెట్టడానికి కారణమే లేదు. ఆ వినికిడి ఇంట్లో సరైనదే. పరీక్ష హాల్లోకి తీసుకెళ్తే మార్కులు పోతాయి.

దీన్ని పరీక్షించేందుకు పీటర్ వేసన్ అనే మనస్తత్వవేత్త 1966లో నాలుగు కార్డుల ప్రశ్న తయారుచేశాడు. తెలుగులో ఇట్లా పెట్టొచ్చు. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. బల్ల మీద కనపడేవి: అ, క, 4, 7. నియమం: "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది." నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? చాలామంది "అ", "4" అంటారు. సరైన జవాబు "అ", "7". "4" వెనక హల్లు ఉన్నా నియమానికి వచ్చిన నష్టం లేదు, సరిసంఖ్య హల్లు వెనక ఉండకూడదని ఎవరూ అనలేదు. "7" వెనక అచ్చు ఉంటే మాత్రం నియమం అక్కడే పడిపోతుంది. "ఉంటే"ని "ఉంటేనే" కూడా కలిపి విన్నవాళ్లకు నాలుగు కార్డులూ తిప్పాలనిపిస్తుంది, వాళ్లు విన్న నియమానికి అదీ సరైన జవాబే. ఇదే ప్రశ్నను మద్యం, వయసు గురించిన నియమంగా ("మద్యం తాగుతుంటే వయసు చాలి ఉండాలి") మారిస్తే ఎక్కువమంది సరిగ్గానే చెబుతారు: తాగేవాడి వయసు చూడాలి, వయసు చాలనివాడి గ్లాసు చూడాలి. ఎవడు నియమం తప్పగలడో మనకు అలవాటే కాబట్టి. అందుకని "నియమం నిజమా" అని అడిగే ప్రతి చోటా దాన్ని "నియమం ఎక్కడ తప్పవచ్చు" అని మార్చుకోమని పిల్లలకు చెప్పండి, సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

ఈ పొరపాటు కాగితం మీదే ఆగితే అంత బాధ లేదు. మన తీరంలో రొయ్యల చెరువుల దగ్గర ఇది డబ్బు పోగొడుతుంది. "నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు పైకి తేలతాయి" అన్నది నిజం. తెల్లవారేముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది గనక ఆ వేళ అట్లా కనపడటమూ మామూలే. కానీ "రొయ్యలు పైకి తేలాయి, కాబట్టి ఆక్సిజన్ తగ్గింది" అన్నది మొదటి వాక్యంలో లేదు. తెల్లమచ్చ జబ్బు సోకిన రొయ్యలు కూడా నీరసించి పైకి, గట్ల దగ్గరికి చేరతాయి. ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఇంకో రెండు గంటలు తిప్పి ఊరుకుంటే జబ్బు పట్టుకోవడంలో ఒక రోజు పోతుంది. మీటరు పెట్టి ఆక్సిజన్ చూడాలి, నాలుగు రొయ్యలు పట్టి పెంకు మీద మచ్చలున్నాయేమో చూడాలి. "తే"ని తిరగేసి చదవకూడదన్న తర్కసూత్రం చెరువు గట్టున చేయించే పని ఇదే.

"అందరూ" అనే మాట తర్వాతి గొయ్యి. "ఈసారి అందరూ పాసవలేదు" అంటే ఒక్కరూ పాసవలేదనా, కొందరు తప్పారనా? గొంతులో ఒత్తును బట్టి చెబుతాం, రాతలో ఆ ఒత్తు ఉండదు. ప్రశ్నపత్రంలో ఈ వాక్యం కనిపిస్తే రెండింట్లో ఏదో తేల్చుకునే దారే లేదు. రాసేటప్పుడు "ఎవరూ పాసవలేదు" అనో, "కనీసం ఒకరు తప్పారు" అనో రాయాలి. సంభావ్యతలో దీని వల్ల వచ్చే తప్పు మరీ ఎక్కువ: "కనీసం ఒక ఆరు పడటం"కు వ్యతిరేకం "ఒక్క ఆరూ పడకపోవడం", "ఒక ఆరు పడకపోవడం" కాదు. పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే సంభావ్యత 1 − (5/6)⁴ = 671/1296, సుమారు 0.518. పిల్లలు 4 × 1/6 = 4/6 అంటారు. అదే పద్ధతిలో ఏడుసార్లు వేస్తే 7/6 వస్తుంది, ఒకటికంటే ఎక్కువ సంభావ్యత ఉండదు కాబట్టి పద్ధతే తప్పని వాళ్లకే తెలుస్తుంది.

"కొన్ని" సంగతి బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు తెలియాలి. "కొన్ని ఒంగోలు ఎద్దులు తెల్లవి" అంటే ఊళ్లో "మిగతావి తెల్లవి కావు" అని వింటారు. సిలాజిజంలో (ఇచ్చిన వాక్యాల నుంచి తీర్మానం తీసే ప్రశ్నల్లో) అది "కనీసం ఒకటి తెల్లది" మాత్రమే, అన్నీ తెల్లవే అయినా ఆ వాక్యం నిజమే. "కొన్ని తెల్లవి కావు" అనే తీర్మానం దాన్నుంచి రాదు.

"లేదా", "గానీ" విషయంలో జనం ఇంకోలా పడతారు. హోటల్లో "ఇడ్లీ గానీ దోసె గానీ" అంటే ఏదో ఒకటే. గణితంలో "లేదా" అంటే రెండూ ఉన్నా ఫర్వాలేదు. 52 ముక్కల పేకలో తీసిన ముక్క రాజు లేదా ఆటీను అయ్యే సంభావ్యత: రాజులు 4, ఆటీన్లు 13, ఆటీను రాజును రెండుసార్లు లెక్కపెట్టాం గనక ఒకటి తీసేయాలి, 16/52. హోటల్ అర్థంలో, అంటే రాజు గానీ ఆటీను గానీ, రెండూ కాకూడదు అంటే 15/52. అయితే ఎక్కువ ప్రమాదం "లేదా"లో కాదు, "ఊ"లో ఉంది. "రాజులూ ఆటీన్లూ తీసి పక్కన పెట్టు" అంటే ఎవరైనా 16 ముక్కలు తీస్తారు. పుస్తకంలో "రాజు మరియు ఆటీను" అంటే ఒకే ఒక్క ముక్క. మన వాడుకలో రెండు గుంపులను కలిపే "ఊ"ను, గణితంలో రెండు లక్షణాలూ ఒకే వస్తువులో ఉండాలనే "మరియు"ను పిల్లలు ఒకటే అనుకుంటారు. "ఒకే ముక్క రాజు కూడా అయి, ఆటీను కూడా అయి ఉండాలి" అని విడమరిచి రాస్తే ఆ గొడవ ఉండదు.

శాతాల్లో తెలుగు మళ్లీ మనకు సాయపడుతుంది. "లో" అనే ప్రత్యయం ఎక్కడుందో అదే హారం. "వైరస్ ఉన్నవాటిలో 90 శాతం పరీక్షలో పాజిటివ్ వస్తాయి", "పాజిటివ్ వచ్చినవాటిలో ఇంత శాతానికి వైరస్ ఉంటుంది". ఈ రెండూ వేర్వేరు సంఖ్యలని "లో" చూస్తేనే తెలుస్తుంది. "పరీక్ష 90 శాతం కరెక్టు" అని కుదిస్తే ఆ "లో" మాయమైపోతుంది, హారం కూడా దాంతోపాటే పోతుంది. లెక్క కోసం అనుకున్న అంకెలతో చూద్దాం. రొయ్య పిల్లల 1,000 బ్యాచ్‌లలో 20కి వైరస్ ఉంది. పరీక్ష వాటిలో 18 పట్టుకుంది, అంటే 90 శాతం. మిగతా 980 మంచి బ్యాచ్‌లలో 5 శాతం, అంటే 49, పొరపాటున పాజిటివ్ అంది. మొత్తం పాజిటివ్‌లు 67, నిజంగా వైరస్ ఉన్నవి 18. పాజిటివ్ వచ్చినవాటిలో వైరస్ ఉన్నవి సుమారు 27 శాతమే. 90 అనుకుని అన్నీ పారబోయడం కాకుండా, పాజిటివ్ వచ్చినవాటికి రెండో పరీక్ష చేయించాలని ఈ లెక్క చెబుతుంది. ఈ లెక్కనే ఫార్ములాగా చెప్పే బేయిస్ సూత్రాన్ని పిల్లలకు ముందు నేర్పకండి. ఈ 1,000 లెక్క పది రకాలుగా చేయించి, ఆ తర్వాత సూత్రం చూపించండి.

వర్షం వార్తల్లోనూ ఇదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం వాళ్లు రోజూ "ఒకటి రెండు చోట్ల వర్షాలు" అని వింటారు. వాతావరణ శాఖ లెక్కలో అది విస్తీర్ణం గురించిన మాట. ఇంగ్లీషు బులెటిన్‌లో "ఐసొలేటెడ్" అంటే వానమాపక కేంద్రాల్లో 25 శాతం వరకు, "స్కాటర్డ్" అంటే 26 నుంచి 50, "ఫెయిర్లీ వైడ్‌స్ప్రెడ్" అంటే 51 నుంచి 75, "వైడ్‌స్ప్రెడ్" అంటే ఆపైన. మీ ఊళ్లో పడలేదని ఆ సూచన తప్పినట్టు కాదు. అట్లాగని మీ ఊరి సంభావ్యత సరిగ్గా 25 శాతం అనీ కాదు. తీరాన ఉన్న ఇందుకూరుపేటకూ, లోపలి కొండల దగ్గరి ఉదయగిరికీ ఆ కాలంలో వాన ఒకేలా పడదు.

ఇక మీ తరగతికి పనికొచ్చే మాటలు. గైడులో ప్రశ్నను ఇట్లా తిరగరాయించండి: "ఇద్దరు పిల్లలున్న 400 కుటుంబాలను 'మీకు కనీసం ఒక అబ్బాయి ఉన్నాడా?' అని అడిగారు. అవునన్నవాళ్లలో ఒక కుటుంబాన్ని చీటీ తీసి ఎంచారు. పుట్టుకలో అబ్బాయి, అమ్మాయి సమానమని అనుకోండి. ఆ కుటుంబంలో ఇద్దరూ అబ్బాయిలే అయ్యే సంభావ్యత ఎంత?" దీనికి 1/3 తప్ప ఇంకో జవాబు రాదు. 1/2 కావాలంటే "ఒక కుటుంబాన్ని చీటీ తీసి ఎంచి, ఆ ఇద్దరిలో ఒకరిని మళ్లీ చీటీ తీసి చూశారు, అబ్బాయి" అని రాయాలి. "పెద్దవాడు అబ్బాయి" అన్నా 1/2 వస్తుంది, అక్కడ ఎవరి గురించి చెబుతున్నారో ముందే ఖాయమైంది కాబట్టి.

పరీక్షలో ప్రశ్నను తిరగరాసే అవకాశం ఉండదు. అక్కడ "కనీసం ఒకరు", "ఒకరు" అని ఊరికే ఉంటే 1/3 పెట్టమనండి. "పెద్దవాడు", "చిన్నవాడు", "దారిలో కనపడినవాడు", "తలుపు తీసినవాడు" అని ఫలానా పిల్లవాడిని వేలు పెట్టి చూపిస్తే 1/2. "ఒకడే అబ్బాయి" అని "ఏ" తగిలించి ఉంటే సున్నా. తుది కీ రాకముందు అభ్యంతరాలు తీసుకునే పరీక్షల్లో, ఎంపిక ఎట్లా జరిగిందో ప్రశ్నలో లేదని, రెండు దారుల 400 ఇళ్ల లెక్కలు పక్కపక్కన రాసి, అర పేజీ దాటకుండా పంపించండి. "జవాబు తప్పు" అని రాయకండి, "ప్రశ్నకు రెండు జవాబులు సాధ్యం" అని రాయండి. చూసేవాళ్లు మీ లెక్కను మీ ఎదురుగా లేకుండానే సరిచూసుకోగలగాలి, అందుకు ఇళ్ల సంఖ్యలే చాలు, సూత్రాలు అక్కర్లేదు.